పాలు తాగుతూ నిద్రపోయే పసిబిడ్డ

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో పగటిపూట తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "ఎప్పుడు చూసినా ఒడిలోనే! పాలు తాగుతూ తాగుతూ నిద్రపోతాడు, కింద పడుకోబెడితే లేచి ఏడుస్తాడు." "అరగంటకే లేచాడంటే పాలు చాలడం లేదన్నమాటే." "ఇలా అలవాటు చేస్తే రేపు నీ కొంగు వదలడు." చివరికి ఎవరో ఒకరు డబ్బాపాల ప్రస్తావన తెస్తారు. సీసా పడితే కడుపు నిండి మూడు గంటలు పడుకుంటాడనీ, తల్లికి ఇంటిపనీ తెములుతుందనీ అంటారు. ఈ మాటలన్నవారిలో దాదీ ఉంటుంది, నానీ ఉంటుంది, ఒక్కోసారి బిడ్డ తండ్రే ఉంటాడు. అందరూ మేలు కోరి చెప్పేవారే. కాని బిడ్డ పగటి నిద్రను చూసి అతని పాలు తగ్గించేస్తే, అల్లాహ్ అతనికి ఇచ్చిన ఒక హక్కును తగ్గించినట్లవుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. ఒడిలో పాలు తాగుతూ నిద్రపోవడం బిడ్డ మొండితనమూ కాదు, తల్లి చేసిన గారాబమూ కాదు. ఈ విషయాన్ని దివ్యఖుర్‌ఆన్, హదీసులు, సీరత్ గ్రంథాల వెలుగులోనూ, వైద్యులు చెబుతున్నదాని వెలుగులోనూ పరిశీలిద్దాం.

హజ్రత్ హలీమా (రజి) ఒడి

దైవప్రవక్త (స) శైశవాన్ని గురించి సీరత్ గ్రంథాలు హజ్రత్ హలీమా సఅదియా (రజి) నోట వినిపించే వృత్తాంతం మనందరికీ తెలిసిందే. అయితే అందులో నిద్ర ప్రస్తావన ఎన్నిసార్లు వస్తుందో మనం అంతగా గమనించం. అది కరువు సంవత్సరం. బనీ సఅద్ తెగ స్త్రీలతో కలిసి ఆమె కూడా, పాలిచ్చి పెంచడానికి పిల్లల్ని వెతుక్కుంటూ భర్తతో మక్కాకు బయలుదేరింది. ఒడిలో సొంత బిడ్డ. ఆమె రొమ్ములో ఆ బిడ్డకు సరిపడా పాలు లేవు, వెంట ఉన్న ముసలి ఒంటె చుక్క పాలు ఇవ్వడం లేదు. ఆకలితో బిడ్డ ఏడుస్తుంటే రాత్రంతా తమకు కంటిమీద కునుకు ఉండేది కాదని ఆమె చెబుతుంది. మక్కాలో తండ్రిలేని పసివాడైన ముహమ్మద్ (స)ను తీసుకోవడానికి మిగతా స్త్రీలు వెనుకాడారు. వట్టి చేతులతో వెళ్ళడం ఇష్టంలేక ఆమె తీసుకుంది. విడిదికి వచ్చి ఒడిలో పెట్టుకోగానే రొమ్ము పాలతో నిండింది. ఆయన కడుపునిండా తాగారు. పాలు పంచుకున్న సోదరుడూ కడుపునిండా తాగాడు. తరువాత ఇద్దరూ నిద్రపోయారు. ఒంటె పొదుగు కూడా నిండింది. ఆ రాత్రి భార్యాభర్తలు కూడా హాయిగా నిద్రపోయారు.

ఒక తల్లి తన జీవితంలోని శుభాన్ని (బరకత్‌ను) ఎలా గుర్తుపట్టిందో చూడండి. పిల్లలు తాగారు, నిద్రపోయారు. ఆమె దృష్టిలో అదే బరకత్. అదే దృశ్యం ఈనాడు మన ఇంట్లో కనిపిస్తే దాన్ని చెడు అలవాటు అంటున్నాం.

నిద్రను తన సూచనలలో ఒకటిగా అల్లాహ్ పేర్కొన్నాడు (అర్ రూమ్ : 23). ఆ ఆయతులో రాత్రి నిద్రతోపాటు పగటి నిద్ర కూడా ప్రస్తావనకు వస్తుంది. పసిబిడ్డ విషయంలో ఈ సూచన ఎంత స్పష్టమో వైద్యులను అడిగితే తెలుస్తుంది. బిడ్డ పాలు చీకుతున్నప్పుడు అతని పేగుల్లో కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. కడుపు నిండిన తృప్తినీ, దాంతోపాటు మగతనూ కలిగించేది అదే. అదే సమయంలో తల్లి శరీరంలోనూ ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ వంటి హార్మోన్లు పెరిగి ఆమెకూ ఒళ్ళు తేలికపడి కళ్ళు వాలతాయి. బిడ్డను నిద్రపుచ్చే ఏర్పాటు, ఆ వంకతో తల్లికి విశ్రాంతినిచ్చే ఏర్పాటు రెండూ పాలతోపాటే వచ్చాయి. రాత్రివేళ వచ్చే తల్లిపాలలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ కూడా ఉంటుంది, పగటి పాలలో అది దాదాపు ఉండదు. ఉద్యోగం చేస్తూ పాలు పిండి దాచే తల్లులు ఏ పాలు ఏ వేళవో సీసామీద రాసుకుంటే మంచిదని కొందరు వైద్యులు చెప్పేది అందుకే.

మరి కింద పడుకోబెట్టగానే ఎందుకు లేస్తాడు? పెద్దల నిద్రకూ పసివాడి నిద్రకూ తేడా ఉంది. మొదటి కొన్ని నెలలు బిడ్డ తేలికపాటి నిద్రతోనే నిద్రలోకి వెళ్తాడు. కనురెప్పలు అదురుతుంటాయి, పెదవులు నవ్వుతాయి, ఊపిరి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ దశలో దించితే లేచిపోతాడు. పదిహేను, ఇరవై నిమిషాలు ఓపిక పట్టి, చేతిని కాస్త పైకెత్తి వదిలితే మెత్తగా వాలిపోతున్నప్పుడు దించితే చాలావరకు లేవడు. అరగంటకో, నలభై నిమిషాలకో మెలకువ రావడం కూడా సహజమే. ఆ వయసులో ఒక నిద్రచక్రమే గంటలోపు ముగిసిపోతుంది. రాత్రికీ పగటికీ తేడా బిడ్డకు తెలియడం మూడు, నాలుగు నెలల వయసులోగాని మొదలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం మూడు నెలలలోపు బిడ్డకు 24 గంటల్లో 14 నుంచి 17 గంటలు, నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర అవసరం. ఆ గంటలను బిడ్డ ముక్కలు ముక్కలుగా తీసుకుంటాడు. ఏడాది దాటాక పగటి నిద్ర క్రమంగా ఒక్కపూటకు తగ్గుతుంది. తొందరపెట్టినంత మాత్రాన ఇవేవీ ముందుగా రావు.

బాధ్యత ఎవరిది?

పాలిచ్చే తల్లి గంటల తరబడి ఒడిలో బిడ్డతో కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగించాలి, బట్టలు ఎవరు ఉతకాలి? నిజానికి ఇంట్లో తగాదా బిడ్డ నిద్ర గురించి కాదు, ఈ పనుల గురించి. సూరె అల్ బఖర 233వ ఆయతు ఈ తగాదాను ముందే తీర్చేసింది. పాలకాలాన్ని పూర్తి చేయదలచుకున్నవారికి తల్లులు రెండు పూర్తి సంవత్సరాలు పాలివ్వాలని చెప్పిన వెంటనే, ఆ తల్లుల తిండి, బట్ట బాధ్యతను తండ్రిమీద పెట్టింది. ఎవరిమీదా శక్తికి మించిన భారం మోపరాదన్నది. బిడ్డ మూలంగా తల్లికి కష్టం కలగరాదు, తండ్రికీ కష్టం కలగరాదు అన్నది. తండ్రి లేకపోతే ఆ బాధ్యత వారసునికి సంక్రమిస్తుందన్నది. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఈ ఆయతుకు ముందూ వెనుకా ఉన్నవి తలాఖ్‌కు సంబంధించిన ఆదేశాలు. విడిపోయిన తల్లి విషయంలోనే షరీఅత్ ఇంత జాగ్రత్త తీసుకుంటే, కలిసి కాపురం చేస్తున్న భార్య విషయంలో మన జాగ్రత్త ఎంత ఉండాలి?

తిండి, బట్ట అంటే బియ్యం బస్తా తెచ్చి పడేయడమే అనుకునే సోదరులు కొందరున్నారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే నమాజుకు వెళ్ళేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. భార్య ఒడిలో బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఆమెకు ఒక గ్లాసు నీళ్ళు అందించడం, పెద్దపిల్లవాణ్ణి బడికి తయారుచేయడం, రొట్టెలు తానే కాల్చడం కూడా ఆ సేవలోకే వస్తాయని మా అభిప్రాయం. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. ఆ గ్లాసు నీళ్ళు చిన్న విషయం కాదు. అత్తగారికి కూడా ఒక మాట. చిల్లా నలభై రోజులు కోడలిని మంచం దిగనివ్వకుండా చూసుకునే అత్తలు మన ఇళ్ళలో ఉన్నారు. నలభై ఒకటో రోజున అన్ని పనులూ ఆమె నెత్తిన పెట్టేవారూ ఉన్నారు. బిడ్డకు నలభై రోజులు నిండినంత మాత్రాన అతని ఆకలి తగ్గదు, పెరుగుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో జరిగిన ఒక సంఘటనను ఇబ్నె సఅద్ తన గ్రంథంలో నమోదు చేశారు. మదీనా బయట ఒక వర్తక బిడారం దిగింది. దొంగల భయం లేకుండా ఆ రాత్రి హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కాపలా కాశారు. ఒక పసివాడి ఏడుపు వినిపించింది. ఉమర్ (రజి) వెళ్ళి, బిడ్డను బాగా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. కొంతసేపటికి మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళారు. రాత్రి చివరి జామున మూడోసారి వెళ్ళి, ఈ బిడ్డ రాత్రంతా ఎందుకు నిలకడగా లేడని అడిగారు. ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. పాలు మాన్పించాలని ప్రయత్నిస్తున్నాను, వాడు ఒప్పుకోవడం లేదు అన్నది. ఎందుకంటే పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడు అన్నది. బిడ్డ వయసు ఇంకా కొన్ని నెలలే. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వల్ల ఖిరాఅత్ కూడా సరిగా వినిపించలేదట. సలాం చెప్పగానే, పిల్లల పాలు మాన్పించడంలో తొందరపడవద్దనీ, ఇకమీదట పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామనీ చాటింపు వేయించారు. ఆ ఆదేశాన్ని ప్రాంతాలన్నిటికీ రాసి పంపారు.

ఆ పసివాడి నిద్ర చెడగొట్టింది ఆకలి. ఆ ఆకలి వెనుక ఒక నియమం ఉంది. ఖలీఫా ఆ నియమాన్నే మార్చేశారు. పది గంటలకల్లా వంట అయిపోవాలి, కోడలు పగలు పడుకోకూడదు, ఆడపిల్లకు ఏడాది పాలు చాలు అనే నియమాలు మన ఇళ్ళలో కూడా ఉంటే, మార్చవలసింది వాటినే. రెండేళ్ళలోపు పిల్లల కోసం డబ్బాపాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం, దానికి 2003లో జరిగిన సవరణ నిషేధించాయి. అయినా మన ఇళ్ళలో ఆ ప్రచారం నోటిమాటగా సాగుతూనే ఉంది. తల్లి అనారోగ్యంవల్లనో, పాలు నిజంగా చాలకనో వైద్యుని సలహాతో పైపాలు ఇస్తే అందులో తప్పేమీ లేదు. ఆ తల్లులను నిందించడం మా ఉద్దేశం కాదు.

పాలు చాలుతున్నాయా?

దీన్ని నిద్ర గంటలతో కొలవకూడదు. అయిదారు రోజులు దాటిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తున్నాడా, పుట్టినప్పటి బరువుకు రెండు వారాలకల్లా తిరిగి చేరాడా, ఆ తరువాత మొదటి మూడు నెలలు రోజుకు సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతున్నాడా అని చూడాలి. తూకం అంగన్‌వాడీలోనూ, టీకాలకు వెళ్ళినప్పుడూ వేస్తారు, కార్డు మీద రాయించుకోండి. తొలి వారాల్లో బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతాడు. అన్నిసార్లు తాగడం పాలు చాలకపోవడానికి గుర్తు కాదు. అతని పొట్ట చిన్నది, తల్లిపాలు త్వరగా అరుగుతాయి.

మేము ఎక్కువగా భయపడేది అరగంటకోసారి లేచే బిడ్డను చూసి కాదు. "బంగారుకొండ, ఏడవనే ఏడవడు, లేపితేగాని లేవడు" అని అందరూ మెచ్చుకునే పది రోజుల బిడ్డను చూసి. నెల తక్కువగా పుట్టినవారు, బరువు తక్కువవారు, కామెర్లు వచ్చినవారు ఆకలి వేసినా ఏడవలేక నిద్రలోనే ఉండిపోతారు. రొమ్ము నోట్లో పెట్టగానే నాలుగు గుక్కలు తాగి పడుకుంటారు. ఇలాంటి బిడ్డను పగలు రెండు, మూడు గంటలకోసారి లేపి పట్టాలి, రాత్రి కూడా నాలుగు గంటలకు మించి వదలకూడదు. బరువు సరిగా పెరిగేదాకా ఇలాగే చేయాలి. చుట్టిన బట్ట విప్పి, పక్కబట్ట మార్చి, అరికాళ్ళు, వీపు నిమిరితే లేస్తాడు. గుటకలు ఆగి ఊరికే పెదవులు కదుపుతుంటే రొమ్మును చేత్తో మెల్లగా నొక్కితే మళ్ళీ గుటక వేస్తాడు. తరువాత త్రేన్పు తెప్పించి రెండో వైపు పట్టాలి. బరువు బాగా పెరుగుతున్న బిడ్డ నిద్రలోకి జారితే మాత్రం ఈ ప్రయాస అక్కర్లేదు. పెదవుల సందులో చిటికెనవేలు పెట్టి చీకుడు విడిపించి పడుకోబెడితే చాలు.

బిడ్డ పాలు పూర్తిగా మానేసినా, ఎంత లేపినా లేవకపోయినా, ఒళ్ళు వడిలిపోయినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా రేపటిదాకా ఆగకండి. తాయత్తు కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నజర్, చాకు, ఆవాల దిండు

బిడ్డ నిద్రలో ఉలిక్కిపడితే నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పడం, తలకింద చాకు పెట్టడం మన ఇళ్ళలో ఇంకా ఉంది. నజర్ సత్యమే. దానికి దైవప్రవక్త (స) చూపిన మార్గమూ ఉంది. తమ మనుమలు హసన్, హుసైన్ (రజి)లను ఆయన అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణులో ఉంచేవారని బుఖారీ హదీసు తెలుపుతోంది. ఆ దుఆను ప్రతి తల్లీ నేర్చుకోవచ్చు. చాకుకు ఆ శక్తి లేదు సరికదా, బిడ్డ దొర్లితే తెగుతుంది.

తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, చుట్టూ పేర్చే మెత్తటి దిళ్ళు కూడా అక్కర్లేదు. ఊపిరికి అడ్డం వచ్చే ప్రమాదం ఉంది. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపుమీద పడుకోబెట్టాలి. సోఫాలో బిడ్డను ఒడిలో పెట్టుకుని తల్లి నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. కునుకు వచ్చేలా ఉంటే ముందే ఇంకొకరికి అందించాలి. పొగతాగే తండ్రి బిడ్డ పక్కన పడుకోరాదు. హాయిగా పడుకుంటాడని ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం కూడా వైద్యులు వద్దంటున్నారు.

మరొక అలవాటు. మగ్రిబ్ వేళ పసివాణ్ణి నిద్రపోనివ్వకూడదని కుదిపి లేపుతారు. సంధ్యవేళ షైతానులు వ్యాపిస్తారు గనుక పిల్లల్ని బయట తిరగనివ్వవద్దని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఇంట్లో తల్లి ఒడిలో పడుకున్న బిడ్డను లేపమని అందులో లేదు.

"కాస్త నువ్వు పట్టు"

తల్లి స్నానానికో, బజారుకో వెళ్ళినప్పుడు బిడ్డ లేచి ఏడుస్తుంటే, ఇంట్లో పాలిచ్చే తోటికోడలో, పక్కింటి ఆమెనో దగ్గరకు తీసుకుని నాలుగు గుక్కలు పట్టి నిద్రపుచ్చుతుంది. దయతో చేసే పనే. కాని దీనితో ఏర్పడే బంధాన్ని మనవాళ్ళు తేలికగా తీసుకుంటున్నారు. రక్తసంబంధంవల్ల నిషిద్ధమయ్యే వివాహాలు పాల సంబంధంవల్ల కూడా నిషిద్ధమవుతాయి (సూరె అన్ నిసా 23వ ఆయతు, బుఖారీ, ముస్లిం హదీసులు ఇందుకు ఆధారం). హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పాలకాలంలో బిడ్డ కడుపులోకి ఒక్కసారి పాలు వెళ్ళినా ఈ బంధం స్థిరపడుతుంది. షాఫయీ పండితులు అయిదుసార్లు అంటారు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య సంబంధాలు కలుపుకునే మన కుటుంబాల్లో ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

హజ్రత్ ఉఖ్బా బిన్ హారిస్ (రజి) పెళ్ళి చేసుకున్నాక ఒక స్త్రీ వచ్చి, మీ ఇద్దరికీ నేనే పాలిచ్చాను అన్నది. ఆ సంగతి తనకు తెలియదని ఆయన అన్నారు. అయినా మనసు ఒప్పక మక్కా నుంచి మదీనాకు ప్రయాణించి దైవప్రవక్త (స)ను అడిగారు. అలాంటి మాట వచ్చాక కలిసి ఎలా ఉంటావన్న సమాధానం విని భార్యను విడిచిపెట్టారు. అందుచేత తల్లి అనుమతి లేకుండా ఎవరూ బిడ్డకు పాలు పట్టవద్దు. పట్టవలసి వస్తే ఎవరు, ఎవరికి, ఏ సంవత్సరంలో ఇచ్చారో ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. పాతికేళ్ళ తరువాత ఆ కాగితం అవసరపడుతుంది.

నమాజు, రోజా

అస్ర్ వేళ దాటిపోతోంది, బిడ్డ ఒడిలో ఇప్పుడే కళ్ళు మూశాడు. ఏం చేయాలి? నమాజు వేళ మొదట్లోనే చదువుకోవడం అలవాటు చేసుకుంటే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది. పాలివ్వడంవల్ల వుజూ భంగం కాదు. బిడ్డ లేస్తే ఎత్తుకునే నమాజు చదవవచ్చు. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేయించారు, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. బిడ్డ ఒంటిమీద, బట్టలమీద మూత్రం లేకుండా చూసుకోవాలి, అంతే. నమాజును పొడిగించాలనుకుని, పసివాడి ఏడుపు వినిపించగానే తల్లి మనసు కలత చెందుతుందని దాన్ని ఆయన సంక్షిప్తం చేసేవారు. తల్లి తన నమాజులో చిన్న సూరాలు చదువుకుంటే అది ఆ సున్నత్ నీడలోనే ఉన్నట్లు.

రమజాన్‌లో పాలు తగ్గి బిడ్డ పగలు నిద్రపోకుండా ఏడుస్తుంటే, మూత్రం తగ్గితే, పాలిచ్చే తల్లికి షరీఅత్ మినహాయింపు ఇచ్చింది. తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే రోజా వదిలి, హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం తరువాత ఖజా పూర్తి చేసుకోవచ్చు. అప్పుడు "మేము పిల్లల్ని కని కూడా రోజాలు ఉన్నాం" అని ఆమెను దెప్పే హక్కు ఎవరికీ లేదు.

పాలు ఎప్పుడు మాన్పించాలన్నది కూడా తల్లి ఒక్కతే తేల్చుకోవలసిన విషయం కాదు, తండ్రి ఒక్కడే శాసించేదీ కాదు. రెండేళ్ళకు ముందే మాన్పించదలిస్తే ఇద్దరి సమ్మతితో, ఇద్దరి సంప్రదింపుతో చేయాలని అదే ఆయతు చెబుతోంది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వవద్దనీ, తరువాత మెత్తటి ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆపైనా పాలు కొనసాగించవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాన్పించే రోజు వచ్చినప్పుడు రొమ్ముకు వేపాకు రసం పూసి బిడ్డను బెదరగొట్టకండి. మొదట పగటి పాలు ఒక్కొక్కటిగా తగ్గించండి, నిద్రకు ముందు తాగేవి అన్నిటికన్నా చివరికి ఉంచండి. ఆ కొద్ది రాత్రులు తండ్రి బిడ్డను భుజాన వేసుకుని తిప్పితే తల్లి ఒడి లేని నిద్ర అతనికి త్వరగా అలవాటవుతుంది.